నీళ్ళు తాగితేనే పొలమారుతోంది, ముద్ద మాత్రం దిగుతోంది. మా నాన్నగారి విషయం, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

కాకినాడ_కాజా · ఆదివారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు, ఇప్పుడు అవసరం పడి రాస్తున్నాను. నాన్నగారికి 71. రెండు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మూతి కూడా కాస్త వంకర. హాస్పిటల్లో తొమ్మిది రోజులు ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ వేసి పాలూ జావా దాంట్లోంచే పోశారు. తర్వాత ట్యూబ్ తీసేసి "మెత్తగా పెట్టండి" అని చెప్పి పంపించేశారు. మెత్తగా అంటే ఎంత మెత్తగా అని వాళ్ళు చెప్పలేదు, ఆ కంగారులో మేమూ అడగలేదు.

ఇప్పుడు పెరుగన్నం బాగా పిసికి పెడితే మెల్లగానైనా తింటున్నారు. మంచినీళ్ళు ఒక్క గుక్క తాగారంటే మాత్రం దగ్గే దగ్గు, కళ్ళల్లో నీళ్ళు, మొహం కందగడ్డ అయిపోతుంది. అమ్మ "ఎవరో తలుచుకుంటున్నారు" అంటూ నెత్తి మీద తట్టి, దగ్గు తగ్గాలని మళ్ళీ నీళ్ళే పడుతుంది. మళ్ళీ దగ్గు. చారన్నం పెట్టినా ఇంతే. గట్టిది దిగుతూ నీళ్ళు దిగకపోవడమేంటో నాకు అంతుపట్టడం లేదు, తిరగబడి ఉండాలి కదా?

ఇంకో వింత కూడా ఉంది. పొద్దున్నే రాగి జావ బాగా చిక్కగా కాచి ఇస్తున్నాం. మొదటి నాలుగైదు చెంచాలు హాయిగా మింగుతారు, గిన్నె సగం అయ్యేసరికి దగ్గు మొదలవుతుంది. జావ పలచబడిపోతోంది అంటుంది అమ్మ. చల్లారితే జావ గట్టిపడాలి గానీ పలచబడటం ఎక్కడైనా ఉందా? ఆవిడ కళ్ళజోడు మార్చాలేమో అనుకున్నాను, నిన్న నేనే చెంచాతో ఎత్తి చూశాను, నిజంగానే నీళ్ళలా జారిపోతోంది.

ఆర్గానిక్_ఆంజనేయులు · ఆదివారం రాత్రి 11:05

సింపుల్ అండీ. ఈ కాలంలో ఎవరూ నమలడం లేదు. ముద్దకి 32 సార్లు, పంటికి ఒక్కసారి చొప్పున నమిలితే ఏ రోగమూ రాదు. అమెరికాలో ఫ్లెచర్ అని ఒకాయన వందేళ్ళ క్రితమే దీన్ని ఉద్యమంలా నడిపాడు, పాలు కూడా నమిలి తాగమనేవాడు. నాన్నగారిని నీళ్ళు కూడా నోట్లో పెట్టుకుని నమిలినట్టు చేసి మింగమనండి.

సంగటి_సుబ్బమ్మ · ఆదివారం రాత్రి 11:20

ఆంజనేయులు గారూ, సగం మూతి పడిపోయిన మనిషిని నీళ్ళు నమలమంటారా మీరు. నోట్లో ఎక్కువసేపు పెట్టుకుంటే ఆయన మింగేలోపే అవి గొంతులోకి జారిపోతాయి, అసలు చిక్కే అది కదా.

నమలకపోతే రోగమొస్తుందంటే మా అనంతపురం జిల్లాలో ఒక్కరూ మిగలకూడదు. రాగి సంగటిని ఎవరైనా నములుతారా? ముద్ద తుంచి, మధ్యలో బొటనవేలితో గుంట చేసి, పులుసులో అద్దుకుని గుటుక్కున మింగడమే. నమిలితే పళ్ళకి అతుక్కుని విసుగు.

కాకినాడ తమ్ముడూ, మా అత్తకి పార్కిన్సన్స్ ఉండేది, ఆమెకూ ఇదే తంతు. మెత్తగా ఉంటుంది కదా అని ఆమెకి సంగటే పెట్టి ఒకసారి చావు అంచుదాకా తీసుకుపోయినాం. అది మెత్తనే కానీ జిగురు, గొంతుకి అడ్డం పడితే ముందుకీ పోదు, వెనక్కీ రాదు. నీకు ఇంకెవరైనా సంగటి పెట్టమని సలహా ఇస్తే వినొద్దు. మిగతాది లెస్టర్‌లో ఉండే లక్ష్మి చెప్తుంది, ఆ అమ్మాయికి ఇదే పని.

లెస్టర్_లక్ష్మి · సోమవారం తెల్లవారుజాము 4:15

పిలిచారు, వచ్చాను అక్కా. నేనిక్కడ ఇంగ్లండ్‌లో ముసలివాళ్ళ కేర్ హోంలో పని చేస్తాను. డాక్టర్ని కాను. కానీ రోజూ పద్నాలుగు మందికి అన్నం తినిపించడమే నా డ్యూటీ, అందులో ఆరుగురికి మింగడం కష్టం.

కాజా గారూ, గొంతు దగ్గర రెండు దారులున్నాయి. ముందున్నది ఊపిరితిత్తులకి గాలి గొట్టం, వెనకున్నది పొట్టకి ఆహారనాళం. మనం మింగిన ప్రతిసారీ స్వరపేటిక పైకి లేచి, దాని మీద మూతలాంటిది వాలి, గాలి దారి మూసుకుంటుంది. స్కూల్లో ఉపజిహ్విక అని చదివాం చూడండి, అదే ఆ మూత. కావాలంటే కంఠం మీద వేలు పెట్టుకుని ఒక గుటక వేయండి, పైకి లేచి దిగడం తెలుస్తుంది. గొంతులో ఇదంతా ఒక సెకను పని. పక్షవాతం వచ్చినవాళ్ళలో ఆ మూత పడటం కాస్త ఆలస్యమవుతుంది. పెరుగన్నం ముద్ద నింపాదిగా జారుతుంది కాబట్టి అది వచ్చేలోపు తలుపు మూసుకుంటుంది. నీళ్ళు అలా ఆగవు, తలుపు తీసి ఉండగానే లోపలికి పోతాయి. అందుకే మంచినీళ్ళే అన్నిటికన్నా కష్టం. చారన్నమూ అంతే ఘోరం, ఎందుకంటే ఒకే ముద్దలో నమలాల్సిన మెతుకూ, ఆగకుండా జారే చారూ రెండూ ఉంటాయి, నోరు మెతుకు సంగతి చూసుకుంటుంటే చారు తన దారిన తను పోతుంది.

ముందు ఆ దగ్గుకి నీళ్ళు పట్టడం ఆపించండి, అమ్మగారికి నా నమస్కారాలు చెప్పి మరీ. దగ్గనివ్వండి, దగ్గు మంచిదే, లోపలికి పోయినదాన్ని అదే బయటికి తోస్తుంది. పడుకోబెట్టి గానీ, దిండుకి జారగిలబడి ఉండగా గానీ ఏదీ పెట్టొద్దు, కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టాలి, తిన్నాక కూడా అరగంట అలాగే ఉంచాలి. టీవీ కట్టేయండి. మనం నిలబడి తినిపిస్తే ఆయన తల పైకెత్తాల్సి వస్తుంది, తల ఎత్తితే గాలి దారి ఇంకా తెరుచుకుంటుంది, కాబట్టి ఎదురుగా కూర్చుని తినిపించాలి. ఉగ్గుగిన్నెతో నోట్లో పోయడం, స్ట్రా ఇవ్వడం రెండూ మానేయండి, ఎంత పడుతోందో మన చేతిలో ఉండదు.

మింగిన తర్వాత "ఆ" అనమనండి. గొంతులో నీళ్ళు గుడగుడలాడినట్టు తడిగా వినిపిస్తే ఇంకా అక్కడ ఏదో మిగిలి ఉందని లెక్క, ఇంకోసారి గుటక వేయించాలి. జావ పలచబడటం మా హోంలోనూ చూశాను, కారణం ఇంకెవరైనా చెప్తారేమో.

కాకినాడ_కాజా · సోమవారం ఉదయం 8:10

లక్ష్మి గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివి అమ్మకి వినిపించాను. మేమిన్నాళ్ళూ మంచం మీదే, రెండు దిండ్లు పెట్టి తినిపిస్తున్నాం. అమ్మ ఏమీ అనలేదు గానీ లేచి వెళ్ళి కుర్చీ తుడిచి పెట్టింది.

జావ సంగతి మాత్రం ఇంకా వదల్లేదు నన్ను. ఎవరికైనా తెలుసా?

తెనాలి_మాస్టారు · సోమవారం ఉదయం 9:30

తెలుసు బాబూ. ముప్పై ఒక్క సంవత్సరాలు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పిన ప్రాణం, ఇలాంటి ప్రశ్న రిటైరయ్యాక వస్తుందని అనుకోలేదు. ముందొక మాట అడగనీ, జావ తినిపించే చెంచాని నాన్నగారి నోట్లో పెట్టి తీసి మళ్ళీ అదే గిన్నెలో ముంచుతున్నారా లేదా? ముంచుతున్నారనే నా నమ్మకం, ఎందుకంటే అందరం చేసేది అదే.

మన లాలాజలంలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, పిండిపదార్థాన్ని ముక్కలు చేసి చక్కెరగా మార్చడమే దాని పని, అన్నం ఎక్కువసేపు నమిలితే తియ్యగా అనిపించేది అందుకే. జావ చిక్కగా ఉండేదే పిండి వల్ల. ఎంగిలి చెంచా గిన్నెలోకి వెళ్ళిన ప్రతిసారీ కాస్త లాలాజలం జావలో పడుతుంది, గోరువెచ్చని జావ దానికి మహా అనువైన చోటు, అది అక్కడే కూర్చుని పిండిని కోసేస్తూ ఉంటుంది. మనిషి నోట్లో రోజుకి లీటరు, లీటరున్నర లాలాజలం ఊరుతుంది, అందులో ఎంత కొంచెం పడినా చాలు.

చెప్పడమెందుకని ఇందాక చేసే చూశాను. బియ్యప్పిండి గంజి కాచి, చల్లార్చి, రెండు గ్లాసుల్లో సమంగా పోశాను. ఒకదాంట్లో శుభ్రమైన చెంచా పెట్టి తిప్పాను, రెండోదాంట్లో నేను నాకిన చెంచా. పది నిమిషాలకి మొదటి గ్లాసు వంచితే గంజి బద్ధకంగా కదిలింది, రెండోది వంచితే మజ్జిగలా వచ్చేసింది. నా దగ్గర పాత అయోడిన్ సీసా ఒకటి ఉంది, దాన్ని నీళ్ళలో కలిపి రెండిట్లోనూ ఒక్కో చుక్క వేశాను. మొదటిది సిరా పోసినట్టు నీలం, రెండోది ఊదాఎరుపు తిరిగి వెలిసిపోయింది. మా ఆవిడ ఆ రెండు గ్లాసులూ ఇక వంటింట్లోకి రానివ్వనంది, అది వేరే సంగతి.

కాబట్టి గిన్నెలో జావని గిన్నెలోనే ఉంచి, వేరే గరిటెతో చిన్న కప్పులోకి మూడు నాలుగు చెంచాలంత పోసుకుని, అది అయ్యాక మళ్ళీ పోసుకోండి. ఇంకొకటి, రాగులు మొలకెత్తించి పట్టించిన పిండి వాడుతున్నారా? మొలకెత్తిన గింజలోనూ అమైలేజ్ ఉంటుంది. ఆ పిండితో జావ ఎంత వేసినా పలచగానే వస్తుంది, చంటిపిల్లలకి అది మేలు, నాన్నగారికి కాదు.

సంగటి_సుబ్బమ్మ · సోమవారం ఉదయం 9:50

అబ్బ, మాస్టారూ! ఎంగిలి చెంచా గిన్నెలో పెట్టినావంటే మా అవ్వ చేతి మీద కొట్టేది. ఇదన్నమాట సంగతి, పాతకాలంవాళ్ళకి అంతా తెలుసు.

తెనాలి_మాస్టారు · సోమవారం ఉదయం 10:05

అమ్మా, మీ అవ్వగారికి అమైలేజ్ గురించి తెలియదు, వాళ్ళ ఎంగిలి పట్టింపు వేరే. అదే ఎంగిలి పేరు చెప్పి మా ఊళ్ళో కొందరికి పైనుంచి దోసిట్లో నీళ్ళు పోసిన రోజులు నేను చూశాను. దానికి సైన్సు చొక్కా తొడగొద్దు. చెంచా విషయం వరకే ఉంచుకుందాం.

గుక్కెడునీళ్ళు · సోమవారం మధ్యాహ్నం 2:20

నేను స్పీచ్ థెరపిస్ట్‌ని, మైసూరులో చదువుకుని ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. స్పీచ్ అంటే మాటలు నేర్పడమే అనుకుంటారు అందరూ, మింగడం కూడా మా పనే, మాటకీ మింగడానికీ వాడే కండరాలు చాలావరకు ఒకటే.

లక్ష్మి గారూ, మాస్టారూ చెప్పింది సరైనదే. నేను భయపెట్టాలని కాదు గానీ ఒక విషయం గట్టిగా చెప్పాలి. దగ్గుతున్నారంటే కనీసం దగ్గు పని చేస్తోందని అర్థం. కొంతమందికి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతున్నా దగ్గు రాదు, పక్కన కూర్చున్నవాళ్ళకి బాగా తాగుతున్నట్టే కనిపిస్తుంది. తరువాత ఒకరోజు జ్వరం, ఆయాసం, ఎక్స్‌రేలో న్యుమోనియా. కాబట్టి దగ్గు ఒక్కటే చూసుకుని ఇంట్లో సర్దుకోవద్దు. పరీక్ష చేయించండి. రెండు రకాలున్నాయి. ఒకటి బేరియం కలిపిన ముద్దలు మింగుతుంటే ఎక్స్‌రే వీడియో తీయడం, రెండోది ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం గొంతు దాకా పంపి చూడటం, దాన్ని ఫీస్ అంటారు. ఈఎన్‌టీ డాక్టర్, మింగడం మీద పని చేసే థెరపిస్ట్ కలిసి ఉన్న చోటికి వెళ్ళండి. పరీక్షకి ముందే జ్వరం వచ్చినా, ఊపిరి గురగురలాడినా, నిద్రమత్తుగా ఉన్నా ఆ పూట నోటి ద్వారా ఏమీ పెట్టకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.

ఈలోపు రెండు మూడు సంగతులు. కుడి వైపు పడిపోయింది అన్నారు కాబట్టి కుడి దవడలో ముద్ద నిలిచిపోతుంది, ఆయనకి స్పర్శ తెలియదు, తినడం అయిపోయింది అనుకుని పడుకోబెడితే గంట తర్వాత అది జారి గొంతుకి పోతుంది. నిన్న ఒకాయన దవడలోంచి పొద్దున తిన్న ఇడ్లీ సాయంత్రం తీశాం. తిన్న ప్రతిసారీ టార్చి వేసి చూడండి. నోరు రోజుకి రెండుసార్లు బ్రష్‌తో శుభ్రం చేయండి, కట్టుడు పళ్ళ సెట్టు ఉంటే రాత్రి తీసి కడిగి పెట్టండి. ఇది చాలామంది పట్టించుకోరు. ఊపిరితిత్తుల్లోకి పోయే ఉమ్ముతో పాటు నోట్లో ఉన్న క్రిములూ పోతాయి, పాచి నోటికి న్యుమోనియా త్వరగా వస్తుంది.

ఉప్మా వద్దు, పొడి ఇడ్లీ వద్దు, అవి నోట్లో పొడిపొడిగా విడిపోతాయి. అటుకులు, మరమరాలు, బఠాణీల జోలికే పోవద్దు. అన్నాన్ని మిక్సీలో వేసి పేస్టు చేస్తే మెత్తనవుతుందనుకుంటారు, జిగురై బంక అవుతుంది, దానికన్నా మెత్తగా ఉడికించి పప్పుకట్టుతోనో గట్టి పెరుగుతోనో చేత్తో మెదపడం మేలు. ఐస్‌క్రీం గట్టిగానే కనిపిస్తుంది గానీ నాలుక మీద కరిగి నీళ్ళైపోతుంది, కాబట్టి అదీ నీళ్ళ లెక్కే.

మాత్రలు ఎలా వేస్తున్నారు? అన్నీ పొడి చేసి కలపొద్దు. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఎల్, ఈఆర్ అని ఉన్నవి మెల్లగా కరిగేలా తయారు చేసినవి, నూరితే రోజంతటి మందు ఒక్కసారే పడుతుంది. గ్యాస్‌కి వాడే పాంటాప్రజోల్ లాంటివి కూడా నూరకూడదు. చీటీ పట్టుకెళ్ళి డాక్టర్‌ని ఒక్కొక్కటీ అడగండి.

నెల్లూరు_రొయ్య · సోమవారం సాయంత్రం 6:45

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. నా పేరు చూసి నవ్వుకోండి, నాకు రొయ్యలే పడవు. చిన్నప్పుడు బాగా తినేవాణ్ణి, ఇరవై రెండేళ్ళప్పుడు ఒకరోజు ఉన్నట్టుండి పెదవులు వాచాయి. మొన్న పెళ్ళిలో రొయ్యల జోలికి పోకుండా ఉత్త మినపగారెలే తిన్నాను, అయిదు నిమిషాల్లో ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు ఎవరో నొక్కుతున్నట్టు, గుటక వేయలేకపోయాను. తర్వాత వంటవాళ్ళని అడిగితే రొయ్యల వేపుడు చేసిన నూనెలోనే గారెలు వేశారట. ఇదీ మింగలేకపోవడమే కదా, నేనూ ఆ ముక్కులో గొట్టం పరీక్ష చేయించుకోవాలా?

గుక్కెడునీళ్ళు · సోమవారం సాయంత్రం 7:10

లేదండీ, మీది వేరే కథ, ఇంకా తొందరగా పట్టించుకోవాల్సిన కథ. కాజా గారి నాన్నగారికి కండరాల తాళం తప్పింది, మీకు గొంతులో వాపు వస్తోంది. అది అలర్జీ. రొయ్య, పీత లాంటివాటిలో ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్ ఉంటుంది, అది ఉడికించినా వేయించినా చెడదు, నూనెలోకీ వచ్చేస్తుంది. దద్దుర్లతో పాటు గొంతు నొక్కినట్టు ఉండటం, గొంతు బొంగురుపోవడం, ఆయాసం, కళ్ళు తిరగడం, వీటిలో ఏది వచ్చినా దురద మాత్ర వేసుకుని కూర్చోకూడదు. దానికి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ కండలో చేస్తారు, క్షణాల మీద హాస్పిటల్‌కి వెళ్ళాలి. అలర్జీ చూసే డాక్టర్‌ని కలవండి, ఈసారి పెళ్ళికి వెళ్ళేలోపే.

"పడదు" అనే ఒక్క మాటలో మనం నాలుగు రోగాలు కట్టేస్తాం. పాలు తాగితే కడుపు ఉబ్బి విరేచనాలైతే చాలాసార్లు అది అలర్జీ కాదు, పాలలో చక్కెరని విరిచే లాక్టేజ్ తక్కువై ఉంటుంది, అలాంటివాళ్ళు పెరుగు బాగానే తినగలరు. కంద తింటే నోరు దురద పెడితే అదీ అలర్జీ కాదు, అందులో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు గుచ్చుకుంటాయి, అందుకే చింతపండు వేసి ఉడికిస్తాం.

లెస్టర్_లక్ష్మి · సోమవారం రాత్రి 11:30

రొయ్య గారికి ఒక చిన్న ముక్క. ఇక్కడ బ్రిటన్‌లో పద్నాలుగు రకాల అలర్జీ పదార్థాలు ప్యాకెట్ మీద స్పష్టంగా చూపించాలి, వాటిలో నువ్వులు, ఆవాలు కూడా ఉన్నాయి. ఆవాలు! మొదట్లో మా హోంలో నేను పోపు పెట్టి పప్పు తెచ్చి అందరికీ పంచబోతే మా మేనేజర్ గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది, ఒక పెద్దావిడకి ఆవాలు పడవట. మన దేశంలో రొయ్య, చేప, గుడ్డు, పాలు, వేరుశెనగ, గోధుమలాంటివి ప్యాకెట్ మీద రాయాలన్న నియమం ఉంది, కానీ ఆవాలు ఆ లిస్టులో లేవు. పెళ్ళి వంట నూనెకి ఏ లేబులూ ఉండదు అనుకోండి.

ఓరుగల్లు_పోరడు · మంగళవారం ఉదయం 7:50

నాది మూడో రకం, అది కూడా చెప్తా, ఎవరికైనా పనికొస్తది. నాకు నాలుగేండ్లు అన్నమూ నీళ్ళూ రెండూ ఆగేవి, గొంతులో కాదు, ఇక్కడ ఛాతీ మధ్యల. దగ్గు ఏం లేదు. ముద్ద దిగక, లేచి నిలబడి, ఒక లోటా నీళ్ళు తాగి, ఎగిరి దూకితే దిగేది. నిజంగ ఎగిరేటోణ్ణి, ఆఫీసు క్యాంటీన్‌ల అందరూ నవ్వేటోళ్ళు. రాత్రి పడుకుంటే పొద్దున తిన్నది అట్లనే నోట్లకి వచ్చేది, పులుపు కూడా ఉండేది కాదు, ఎందుకంటే అది కడుపులకి పోలేదు కదా. పద్నాలుగు కిలోలు తగ్గిన. గ్యాస్ అని ఒకరు, టెన్షన్ అని ఒకరు, పెండ్లి చేస్తే తగ్గుతదని మా బాపు.

చివరికి మానోమెట్రీ అని ఒక పరీక్షల తేలింది, అకలేసియా. ఆహారనాళం కింద ఉండే కండరం ముద్ద వచ్చినప్పుడు వదులు కావాలె, నాది కాదు. దానికి నోట్లకెల్లి కెమెరా పంపి ఆ కండరాన్ని లోపల్నుంచే కోస్తరు, పోయెమ్ అంటరు, జపాన్‌ల 2008ల మొదలైన పద్ధతి, ఇప్పుడు హైదరాబాద్‌ల చేస్తున్నరు. చేయించుకున్న నెలకి మా అమ్మ చేసిన సర్వపిండి తిన్న, ఎగరకుండ.

ఒకటి యాదికి పెట్టుకోండి. గొంతుల దగ్గు వస్తే ఒక డాక్టరు, ఛాతీల ఆగితే ఇంకో డాక్టరు. ఎక్కడ ఆగుతోందో సరిగ్గ చెప్తే సగం పని అయినట్టే. గట్టివి మాత్రమే ఆగుతూ, రోజురోజుకి ఎక్కువవుతుంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆలస్యం చేయొద్దు, ఎండోస్కోపీ చేయించుకోవాలె, పెద్ద రోగం ఉందేమో చూస్తరు.

నిర్వాహకుడు · మంగళవారం ఉదయం 9:00

అలర్జీల మీద ఇంకా రాయాలనుకునేవాళ్ళు దయచేసి వేరే చర్చ మొదలుపెట్టండి, ఇక్కడ కాజా గారి ప్రశ్న మునిగిపోతోంది. గొంతులో చేప ముల్లు ఇరుక్కుంటే అరటిపండు మింగాలా అన్న ప్రశ్న నాలుగోసారి వచ్చింది, తీసేశాను. మింగకూడదు, ముల్లు ఇంకా లోతుగా దిగుతుంది, ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళండి.

కాకినాడ_కాజా · శనివారం రాత్రి 9:15

అప్‌డేట్ ఇవ్వలేదు, క్షమించండి. విశాఖ వెళ్ళి వచ్చాం. "ఫీస్ చేయాలి" అని సిస్టర్ అంటే ఫీజు కట్టమంటోంది అనుకుని అమ్మ పర్సు తీసింది, అక్కడ అందరూ నవ్వారు, నాన్న కూడా ఒక పక్క మూతితో నవ్వారు. ఆకుపచ్చ రంగు కలిపిన నీళ్ళు చెంచాతో ఇచ్చి తెర మీద చూపించారు. మింగడం మొదలయ్యేలోపే ఆ ఆకుపచ్చ చారిక గాలి గొట్టం వైపు జారడం మా కళ్ళతో చూశాం. అదే నీళ్ళలో పొడి కలిపి చిక్కగా ఇస్తే ఆగి, తర్వాత సరైన దారిలో వెళ్ళింది. అమ్మ తెరని చూసి "అయ్యో, నేను పోసినవన్నీ అటే పోయాయా" అంది. ఊపిరితిత్తులు ప్రస్తుతానికి బాగానే ఉన్నాయట.

థెరపిస్ట్ చెప్పినవి: తాగేవన్నీ రెండో లెవెల్ చిక్కదనంలో, అంటే నీళ్ళకన్నా కాస్త చిక్కగా ఇవ్వాలి. మింగేటప్పుడు తల కుడివైపుకి, అంటే పడిపోయిన వైపుకి తిప్పాలి. నేను తిరగేసి విన్నానేమో అని మళ్ళీ అడిగాను, కాదట, అటు తిప్పితే బలం లేని వైపు దారి నొక్కుకుపోయి ముద్ద బలం ఉన్న వైపు నుంచి దిగుతుందట. అలా తిప్పి పెడితే పొలమారడం బాగా తగ్గింది, నమ్మలేకపోతున్నాను.

పొడి డబ్బా రెండు రకాలు దొరికాయి. ఒకటి మొక్కజొన్న పిండిది, ఇంకోటి క్సాంథాన్ గమ్ అనే జిగురుది, రెండోది బాగా ఖరీదు. మాస్టారు గుర్తొచ్చి రెండోదే కొన్నాను.

నాన్నకి అది సుతరామూ నచ్చలేదు. చిక్క కాఫీ రెండు చెంచాలు తాగి, మాట ఇంకా ముద్దముద్దగానే ఉన్నా "గోడకి పూస్తారా?" అన్నారు. పక్షవాతం తర్వాత ఆయన వేసిన మొదటి జోకు ఇది.

తెనాలి_మాస్టారు · శనివారం రాత్రి 9:40

మంచి పని చేశావు బాబూ. క్సాంథాన్ గమ్‌ని అమైలేజ్ ఏమీ చేయలేదు, ఎంగిలి పడినా చిక్కగానే ఉంటుంది. అయినా కప్పు పద్ధతి మానొద్దు, జావకి అది కావాలి.

సంగటి_సుబ్బమ్మ · శనివారం రాత్రి 10:20

తమ్ముడూ, సంతోషం. కానీ ఇంకో పక్క కూడా చూడు. మా అత్తకి ఆ చిక్కనీళ్ళు పెట్టినప్పుడు దగ్గు తగ్గింది, తాగడమూ తగ్గిపోయింది. దాహం తీరలేదనేది. వంకాయ రంగు తిరిగిన పెదాలు, మూత్రం చిక్కగా పసుపు, చివరికి యూరిన్ ఇన్ఫెక్షన్‌తో వారం హాస్పిటల్లో. ఒకరోజు రాత్రి నన్ను పిలిచి "ఒక్క గుక్క ఉత్త నీళ్ళియ్యవే, పోతే పోతా" అన్నది. నేను ఇవ్వలేదు. తర్వాత ఆరు నెలలకి పోయింది, దానికీ దీనికీ సంబంధం లేదు, కానీ ఇప్పటికీ కుండలో చెంబు ముంచినప్పుడు గుర్తొస్తుంది. థెరపిస్ట్ అమ్మా, నేను చేసింది సరైనదేనా?

గుక్కెడునీళ్ళు · శనివారం రాత్రి 11:00

సుబ్బమ్మ గారూ, అప్పుడు మీకు చెప్పిన ప్రకారం మీరు చేశారు. కానీ మీరు అడిగినదాని మీద మా వృత్తిలోనే వాదన ఉంది. పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బు ఉన్న 515 మందిని గమనించి అమెరికాలో 2008లో ఒక అధ్యయనం వేశారు. గడ్డం కిందికి వంచి మామూలు ద్రవం తాగినవాళ్ళకీ, చిక్కటిది తాగినవాళ్ళకీ న్యుమోనియాలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, ఒంట్లో నీళ్ళు తగ్గడం మాత్రం చిక్కటిది తాగినవాళ్ళలోనే ఎక్కువ కనిపించింది.

అమెరికాలోనే లూయీవిల్‌లో ఫ్రేజియర్ అనే పునరావాస కేంద్రం 1984 నుంచి ఇంకో పద్ధతి నడుపుతోంది. తిండితో పాటు కాకుండా, తిన్న అరగంట తర్వాత, నోరు శుభ్రంగా తోమాక, ఉత్త మంచినీళ్ళు మాత్రం తాగనిస్తారు. ఒక చుక్క లోపలికి పోయినా శుభ్రమైన నోట్లోంచి పోయిన నీటిని ఊపిరితిత్తులు పీల్చేసుకుంటాయన్నది వాళ్ళ లెక్క. పాలకీ కాఫీకీ ఇది వర్తించదు. అందరికీ పనికిరాదు, విపరీతంగా దగ్గేవాళ్ళకీ, కూర్చోలేనివాళ్ళకీ, ఊపిరితిత్తులు ముందే పాడైనవాళ్ళకీ వద్దు. కాజా గారూ, మీ అంతట మీరు మొదలుపెట్టకండి. వచ్చే విజిట్‌లో మీ థెరపిస్ట్‌ని అడగండి, అడగకపోతే చాలామంది చెప్పరు.

కాకినాడ_కాజా · ఆదివారం ఉదయం 8:30

తప్పకుండా అడుగుతాను. వంద మిల్లీలీటర్లకి ఎన్ని స్కూపులో డబ్బా మీద ఉంది గానీ ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది. రెండో లెవెల్ వచ్చిందో లేదో ఇంట్లో ఎలా తెలుస్తుంది?

లెస్టర్_లక్ష్మి · ఆదివారం ఉదయం 10:50

సిరంజి చాలు. పది మిల్లీలీటర్లది, సూది లేకుండా. సున్నా గీత నుంచి పది గీత దాకా స్కేలుతో కొలవండి, 61.5 మిల్లీమీటర్లు ఉండాలి, ఉండకపోతే ఆ లెక్క కుదరదు. లోపలి పిడి తీసేసి, కింద వేలు అడ్డం పెట్టి పది దాకా పోసి, వేలు తీసి పది సెకన్లకి మళ్ళీ మూయండి. నాలుగు నుంచి ఎనిమిది లోపు మిగిలితే రెండో లెవెల్. నాలుగుకన్నా తక్కువైతే పలచన, ఎనిమిది దాటితే మరీ చిక్కన. పొడి కలిపి డబ్బా మీద చెప్పినంతసేపు ఆగి అప్పుడు చూడండి, ముందే చూసి ఇంకో స్కూప్ వేయడం అందరూ చేసే పొరపాటు. ఈ లెవెల్స్ లెక్క పేరు ఐడీడీఎస్ఐ, అలా వెతికితే బొమ్మలు కూడా ఉంటాయి.

కాకినాడ_కాజా · ఆదివారం సాయంత్రం 5:20

మందుల షాపులో రెండు సిరంజిలు తెచ్చాను, స్కేలు పక్కింటి పిల్లాడి జామెట్రీ బాక్సులోది. మొదటిసారి రెండే మిగిలింది, రెండోసారి తొమ్మిది. మూడోసారి అమ్మ నా చేతిలో స్కూప్ లాక్కుని తనే కలిపింది, అయిదు నిమిషాలు మూత పెట్టింది, చెంచాతో ఎత్తి పైనుంచి జారవిడిచి చూసి "సరిపోయింది" అంది. సిరంజిలో పోసి పది సెకన్లు లెక్కపెట్టాను. ఆరు.